హ్యాపీనెస్ పీరియడ్ చెప్పమన్నరు, నాకే ఏడుపొస్తుంది

ఈసారి ఉత్తరం మహబూబ్‌నగర్ నుంచి. పేరు, స్కూల్ పేరు రాయొద్దన్నరు, రాయట్లేదు. మేడం ఒక ప్రైవేట్ స్కూల్ల ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్తరు. ఈ ఏడు బడి తెరిచినంక మేనేజ్‌మెంట్ హైదరాబాద్ నుంచి ఒక ట్రైనర్ని పిలిపిచ్చి టీచర్లందరికీ పాజిటివ్ సైకాలజీ (మనిషి బతుకు ఎట్ల బాగుంటదో చూసే శాస్త్రం) ట్రైనింగ్ ఇప్పిచ్చిందట. పిల్లలకు ఈమె అంటే ఇష్టం గనక ఆ తర్వాత హ్యాపీనెస్ పీరియడ్లు ఈమె నెత్తిన పడ్డయి. పొద్దున ప్రేయర్ల పిల్లలంతా "ఐ యామ్ హ్యాపీ, ఐ యామ్ ది బెస్ట్" అని గట్టిగ అరవాలె, రోజూ నోట్‌బుక్కుల మూడు మంచి సంగతులు రాయాలె, క్లాసుల లేచి చదవాలె, ఆ నోట్‌బుక్కుకు పదికి మార్కులు, ఆ మార్కులు ప్రోగ్రెస్ కార్డు మీదికి.

ట్రైనింగ్‌ల ఆ ట్రైనర్ రెండు లెక్కలు చెప్పిండట. ఒక చెడు ఆలోచనకు మూడు మంచి ఆలోచనలు ఉంటే మనిషి వికసిస్తడు, ఇది సైన్స్ అని ఒకటి. మన సంతోషంల పరిస్థితుల వాటా పది శాతమే, మిగిలింది అంతా పుట్టుకతోటి వచ్చేది, మన చేతుల ఉన్నది అని ఇంకొకటి. మేడం లెక్కల టీచర్ కదా, దీన్ని ఎట్ల కొలిచిన్రు సార్ అని అడిగితే "ఇదే మేడం నెగెటివ్ మైండ్‌సెట్ అంటే" అన్నడట, అందరు నవ్విన్రట.

ఎనిమిదో తరగతిల ఒక అమ్మాయి ఉంది. ఊరు కోయిలకొండ దిక్కు, అమ్మానాయినలు పూణెల బిల్డింగ్ పనికి పోయిన్రు, పిల్ల అవ్వ దగ్గర ఉండి స్కూల్ బస్సుల వస్తది. రోజూ "మా నాయిన ఫోన్ చేసిండు" అని రాసేది. ఒకరోజు "నాయిన ఫోన్ చెయ్యలే, మంచిది ఏం లేదు" అని రాసింది. కోఆర్డినేటర్ ఎర్ర పెన్నుతోటి పదికి మూడు మార్కులేసి కింద "బీ పాజిటివ్" అని రాసిండు. అదే వారం ఫీజు కట్టని పిల్లల్ని ఫస్ట్ పీరియడ్ అంతా వరండాల నిలబెట్టిన్రు, అండ్ల ఈ పిల్ల కూడా ఉంది. సెకండ్ పీరియడ్ హ్యాపీనెస్.

మేడం సొంత సంగతి కూడా రాసిన్రు. సంక్రాంతి ముందు వాళ్ళ నాయిన పోయిండు. స్టాఫ్‌రూంల ఒకసారి ఏడిస్తే, స్టాఫ్‌రూంల నెగెటివ్ ఎనర్జీ ఒద్దు అని చెప్పిన్రట. ఇంట్ల భర్త "ఇంటి లోన్ నడుస్తుంది, నవ్వుకుంట పోయి నవ్వుకుంట రా, నీకెందుకు లొల్లి" అంటడు. విచిత్రమేందంటే, రాత్రి పడుకునేముందు తను కూడా ఆ మూడు సంగతులు రాస్తున్నరు, అట్ల రాసిన రాత్రి కొంచెం నిద్ర పడుతుందట. "అది మంచిదా మోసమా నాకే తెలుస్తలేదు. చెప్పాల్నా, మానెయ్యాల్నా? నాకే సంతోషం లేనప్పుడు పిల్లలకు ఏం చెప్పాలె?" అని అడిగిన్రు.

మేడం, ముందు ఆ ట్రైనర్ని మీరు అడిగిన ప్రశ్న సంగతి మాట్లాడుకుందం, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే ఆ నవ్వులు మీకు ఇంకా గుచ్చుకుంటున్నయని అనిపించింది. మీరు అడిగింది సరైన ప్రశ్న. అదే ప్రశ్న మీకంటే ముందు ఇంకొకరు అడిగిన్రు, అడిగి గెలిచిన్రు కూడా. ఆ మూడుకు ఒకటి లెక్క 2005ల బార్బరా ఫ్రెడ్రిక్సన్, మార్సియల్ లొసాడా అనేటోళ్ళు రాసిన పేపర్ నుంచి వచ్చింది. అండ్ల వాళ్ళు ఉత్త మూడు అనలేదు, 2.9013 అన్నరు, దశాంశం తర్వాత నాలుగు అంకెలు! గాలి, నీళ్ళు వేడెక్కి ఎట్ల కదుల్తయో చెప్పే సమీకరణాలు తీస్కొచ్చి మనిషి మనసుకు పెట్టిన్రు. కొన్నేండ్ల తర్వాత పార్ట్‌టైం మాస్టర్స్ చదువుతున్న నిక్ బ్రౌన్ అనే ఆయనకు ఈ లెక్క ఏదో తేడాగ కనిపిచ్చింది. అలన్ సోకల్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని, హారిస్ ఫ్రీడ్‌మన్ అనే సైకాలజిస్టును కలుపుకొని 2013ల ఆ లెక్కకు కాళ్ళు లేవని రాసిన్రు. పేపర్ అచ్చేసిన పత్రిక ఆ లెక్క భాగాన్ని వెనక్కి తీసుకుంది. మంచి ఆలోచనలు మనిషికి మేలు చేస్తయి అనే మాట మీద ఫ్రెడ్రిక్సన్ నిలబడ్డరు, అది వేరే, కానీ ఆ అంకె మాత్రం పోయింది. పోయి ఇన్నేండ్లయినా మన దగ్గర ట్రైనింగుల్ల ఇంకా బతికే ఉంది.

పది శాతం సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది పాలమూరుల చెప్తే పాపం తగుల్తది. అది కూడా 2005దే, ల్యుబొమిర్‌స్కీ, షెల్డన్, ష్కేడ్ అనే ముగ్గురు రాసిన్రు, పుట్టుకతోటి 50, పరిస్థితులు 10, మన పనులు 40 అని. ఆ శాతాలు మనుషుల మధ్య ఉండే తేడాలకు సంబంధించినవి, ఒక్క మనిషి సంతోషాన్ని రొట్టె లెక్క కోసి పంచిన ముక్కలు కావు. మీకు ఇది చిటికెల అర్థమయితది: మీ తొమ్మిదో తరగతిల అందరికీ ఒకటే సిలబస్, ఒకటే టీచర్, కాబట్టి మార్కుల తేడాల టీచర్ వాటా సున్నా వస్తది. అంటే టీచర్ లేకున్నా అందరు పాస్ అయితరనా? తర్వాత వచ్చిన విమర్శల్ల చాలావాటిని షెల్డన్, ల్యుబొమిర్‌స్కీ కూడా ఒప్పుకున్నరు. వాన పడితేనే పండే చెల్క, అప్పు, ఊరు ఇడిసి పూణె, ముంబై పోవుడు, డ్యాములు కాల్వలు ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ అని పేరు పడుడు, ఇదంతా ఒక పిల్ల జీవితంల పది శాతం అని ఆ పిల్లకే చెప్పుడంటే, నీ బాధకు నువ్వే కారణం అని చెప్పుడే. ఆ మాట మీరు క్లాసుల ఎప్పుడూ చెప్పకండి, ఎవరు చెప్పమన్నా సరే.

అట్లని ఈ శాస్త్రం అంతా బోగస్ అని నేను అనను, అంటే మీ రాత్రి నిద్రను కాదన్నట్టు అయితది. మార్టిన్ సెలిగ్మన్ అనే ఆయన 1998ల అమెరికా సైకాలజిస్టుల సంఘానికి అధ్యక్షుడు అయినప్పుడు, మనం ఇంతకాలం జబ్బుల మీదనే పడ్డం, బతుకు బాగుండటానికి ఏం కావాలనేది కూడా చూద్దం అన్నడు, పాజిటివ్ సైకాలజీ అట్ల జోరందుకుంది. ఆ మాటల తప్పేం లేదు. మూడు మంచి సంగతులు రాసుడు కూడా ఆయన బృందం పరీక్షించిందే, 2005ల. వారం రోజులు రోజూ రాత్రి మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగినయో కూడా రాయమన్నరు. పోల్చి చూడనీకి ఇంకొక గుంపును చిన్నప్పటి యాదులు రాయమన్నరు. యాదులు రాసినోళ్ళకు కూడా మొదట్ల మంచిగనే అనిపిచ్చింది కానీ వారం తిరిగేసరికి మళ్ళ మొదటికే వచ్చిన్రు, మూడు సంగతులు రాసినోళ్ళకు మాత్రం ఆరు నెలల దాకా తేడా కనిపిచ్చింది. తర్వాత చాలా ప్రయోగాలను కలిపి చూసినోళ్ళు లాభం ఉంది గానీ చిన్నది అని తేల్చిన్రు. చిన్నదంటే చిన్నదే, లేనిది కాదు. మీకు పట్టిన నిద్ర అట్లాంటిదే అనుకోండి.

కానీ ఆ ప్రయోగంల రెండు సంగతులు మీ స్కూల్ వదిలేసింది. ఒకటి, అండ్ల పాల్గొన్నోళ్ళు వెబ్‌సైటుకు వాళ్ళంతట వాళ్ళు వచ్చినోళ్ళు, పెద్దోళ్ళు, మేము కొంచెం సంతోషంగ ఉండాలె అనుకొని వచ్చినోళ్ళు. ఎవరూ కర్ర పట్టుకొని నిలబడలే. వారం అయినంక కూడా ఎవరూ చెప్పకుండనే రాసుకుంట పోయినోళ్ళకే ఎక్కువ లాభం కనిపిచ్చింది. రెండు, "ఎందుకు" అనే ముక్క. మీ పిల్ల నోట్‌బుక్కుల "నాయిన ఫోన్ చేసిండు" అనేదానికి ఎందుకు అని అడిగి ఉంటే, నాయిన పనిల నుంచి బయటికొచ్చి చేసిండు, నా మీద పాణం గనక చేసిండు అని రాసేదేమో. ఎవరూ అడగలే, మార్కులు వేసిన్రు. మార్కులకు రాసిన కృతజ్ఞత ఎట్లుంటదో నేను చెప్పక్కర్లేదు, కాపీ రాతకూ దానికీ తేడా ఉండదు.

ఇగ ప్రేయర్ల అరిపిచ్చుడు. కెనడాల జోయన్ వుడ్ అనే ఆమె బృందం 2009ల ఒకటి చేసింది. నేను ప్రేమించదగ్గ మనిషిని అని పదే పదే అనమన్నరు. ముందే తన మీద తనకు నమ్మకం ఉన్నోళ్ళకు కొంచెం బాగనిపిచ్చింది, నమ్మకం తక్కువ ఉన్నోళ్ళకు మాత్రం అనని వాళ్ళకంటే ఇంకా ఖరాబు అనిపిచ్చింది. మందు ఎవరికి కావాల్నో వాళ్ళకే పడకపాయె. వరండాల నిలబడ్డ పిల్ల "ఐ యామ్ ది బెస్ట్" అని అరిస్తే లోపల ఏమనుకుంటదో ఆలోచించండి.

ఇంకొక దాని గురించి కూడా చెప్పాలె, స్కూల్ పిల్లల మీద చేసింది గనక. బ్రిటన్ల బడుల్ల ఎనిమిది వేలకు పైగా పిల్లలతోటి, 11 ఏండ్లు దాటిన పిల్లలతోటి, మైండ్‌ఫుల్‌నెస్ అనే ధ్యానం పాఠాలు చెప్పిచ్చి చూసిన పెద్ద ప్రయోగం ఒకటి ఉంది, 2022ల ఫలితాలు వచ్చినయి. టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చిన్రు, అంతా పద్ధతిగనే చేసిన్రు. మామూలుగ ఆ బడుల్ల చెప్పేదానికంటే ఏం ఎక్కువ లాభం రాలే. ముందే మనసు బాగాలేని పిల్లలకు ఇది సరిపడకపోవచ్చు అనే అనుమానం కూడా వచ్చింది. అది ధ్యానం సంగతి, మీ నోట్‌బుక్కుది కాదు, నిజమే. కానీ పెద్దోళ్ళకు పనిచేసింది పిల్లల మీద మూకుమ్మడిగ వేస్తే పనిచేస్తదని గ్యారంటీ లేదు అనేదానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలె.

సెలిగ్మన్ పేరు వచ్చింది గనక ఆయన పాత పని ఒకటి చెప్త, నాకు ఆయన సంతోషం రాతలకంటే ఇదే ఎక్కువ విలువైనదిగ అనిపిస్తది. 1967ల ఆయన, స్టీవెన్ మయర్ కలిసి కుక్కలకు కరెంట్ షాకులు ఇచ్చి చూసిన్రు (ఇప్పుడయితే చెయ్యనియ్యరు, చెయ్యొద్దు కూడా). ఏం చేసినా షాక్ ఆగని కుక్కలను తర్వాత తప్పించుకునే వీలున్న చోట పెడితే, చాలా కుక్కలు కదలకుండ పండుకున్నయి. నిస్సహాయత నేర్చుకున్నయి అని అప్పుడు అన్నరు. దాదాపు 50 ఏండ్ల తర్వాత, 2016ల, వాళ్ళిద్దరే మళ్ళ రాసిన్రు, మేము ఉల్టా చెప్పినం అని. ఎక్కువసేపు కష్టం పడితే చతికిలబడుడు మెదడుకు పుట్టుకతోటి వచ్చేదే, నేర్చుకునేది అది కాదు, నా చేతుల ఏదో ఉంది, నేను చేస్తే మారుతది అనేదే నేర్చుకునేది అని.

అంటే ఏంది మేడం? లెక్కల పీరియడ్ల ఒక పిల్ల పదిహేను నిమిషాలు కొట్టుకొని సొంతంగ ఒక లెక్క చేసిందనుకోండి, ఆ పిల్ల అదే నేర్చుకుంది. మీ అసలు హ్యాపీనెస్ పీరియడ్ మీరు ఎప్పటినుంచో చెప్తున్నరు, దానికి పదికి మార్కులు వేసేటోడు లేడు అంతే. ఫీజు కట్టనిది అమ్మానాయిన, నిలబడింది పిల్ల, ఆ పిల్ల ఏం చేసినా ఆ వరండా నుంచి లోపలికి రాలేదు. ఆ గంట ఏం నేర్పిందో మీ కోఆర్డినేటర్‌కు తెల్వదు.

ఇప్పుడు మీరేం చెయ్యాలె అనేది. నేను ఇదే చెయ్యండి అని చెప్పను, జీతం మీది, లోన్ మీది.

నేను ఈ పీరియడ్ తీసుకోను అని చెప్పొచ్చు. మనసు తేలిక పడ్తది. కానీ ప్రైవేట్ స్కూల్ల సంవత్సరం మధ్యల అట్ల అన్న టీచర్కు ఏమయితదో మీకు నాకంటే బాగ తెలుసు, ఇంకొక స్కూల్ జూన్ దాకా తీసుకోదు. పైగా ఆ పీరియడ్ ఆగదు, వేరే ఎవరికో పోతది, వాళ్ళు నోట్‌బుక్కులు చదవనీకి కూడా తీరిక లేకుండ టిక్కులు పెడ్తరు. ఆ పిల్ల రాసిన లైను మీరు చూసిన్రు, వాళ్ళు చూడరు.

మీ ఆయన చెప్పినట్టు నవ్వుకుంట పోయి నవ్వుకుంట రావొచ్చు. ఆయన మీద కోపం చేస్కోకండి, ఈఎంఐ తారీకు చూసి భయపడి మాట్లాడుతున్నడు. కొన్నాళ్ళు అట్ల నడుస్తది కూడా. కానీ ఎనిమిదో తరగతి పిల్లలు టీచర్ మొహం చదివినంత మంచిగ పుస్తకం చదవరు, మీరు నమ్మంది చెప్తున్నరని వారంల పట్టేస్తరు, అప్పుడు మీ లెక్కల మాట మీద కూడా నమ్మకం సడల్తది. ఆ పిల్ల అయితే ఈపాటికే పాఠం నేర్చుకొని ఉంటది, నాయిన ఫోన్ చెయ్యకున్నా చేసిండు అని రాస్తే పదికి ఎనిమిది వస్తయి అని.

మధ్యల ఒక తోవ ఉంది, పీరియడ్ తీసుకొని లోపల మార్చుకునుడు. లేచి చదువుడు బంద్ పెట్టొచ్చు, చదవాలనుకున్నోళ్ళు చదువుతరు. ఒక పేజీ ఖాళీ ఉంచినా ఫర్వాలేదు అనొచ్చు. మంచిదానితోపాటు ఇయ్యాల నచ్చంది కూడా ఒక్కటి రాయండి, అది మార్చడానికి ఎవరి సాయం కావాల్నో రాయండి అనొచ్చు. తొమ్మిదో తరగతికయితే ఆ 2.9013 కథనే పాఠంగ చెప్పండి, ఒక చదువుకునే ఆయన పెద్ద పెద్దోళ్ళ లెక్కను ఎట్ల పట్టుకున్నడో వింటే పిల్లలు మస్తు ఖుషీ అయితరు, అదే అసలైన హ్యాపీనెస్ క్లాసు అయితది, నాకయితే ఆ రోజు మీ క్లాసుల కూసోవాలని ఉంది. దీంతోటి ఉన్న చిక్కు ఏందంటే నోట్‌బుక్కులు కోఆర్డినేటర్ చూస్తడు. ఖాళీ పేజీలు కనపడ్తే మిమ్మల్ని పిలుస్తడు. దొరికినంక చెప్పుకునుడు కంటే ముందే చెప్పుడు నయం అని నా అభిప్రాయం.

అందుకని ప్రిన్సిపాల్‌తోటి మాట్లాడుడు గురించి కూడా ఆలోచించండి. పాజిటివ్ సైకాలజీ తప్పు అని మొదలుపెడ్తే ట్రైనింగ్‌ల అయినట్టే అయితది, పైసలు పెట్టి పిలిపిచ్చిన్రు, తప్పు అంటే ఎవరు ఒప్పుకుంటరు. మార్కుల కాడ మొదలుపెట్టండి. ఢిల్లీ ప్రభుత్వ బడుల్ల 2018 జులైల దలైలామాను పిలిచి హ్యాపీనెస్ కరికులం మొదలుపెట్టిన్రు, నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా, దానికంటూ వేరే పీరియడ్, దానికి పరీక్షలు పెట్టలే, మార్కులు వెయ్యలే. సార్, మనం కూడా అట్లనే చేద్దం, ఇది వాళ్ళ పద్ధతే అంటే మీరు నెగెటివ్ అని ఎవరూ అనలేరు. సైన్స్ మేడమో తెలుగు సారో ఇంకొకరు మీతోటి వస్తే ఇంకా మంచిది, ఒక్కరు అడిగితే అది ఫిర్యాదు, ఇద్దరు అడిగితే సలహా. ప్రేయర్ల అరుపు సంగతి ఇప్పుడు ముట్టుకోకండి, అన్ని ఒకేసారి అడిగితే ఏదీ ఇయ్యరు.

ఫీజు సంగతి మాత్రం వేరుగ చూడాలె. పిల్లల్ని అట్ల నిలబెట్టుడు తప్పు, బాగుందా బాగలేదా అనే చర్చ దానికి లేదు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టుడుతోపాటు మానసికంగ వేధించుడు కూడా చెయ్యొద్దు అంటది. మీరు ఆ చట్టం పేరు ఎత్తితే వాతావరణం వేడెక్కుతది, ఎత్తకుంటే ఇంకో నెల మళ్ళ నిలబెడ్తరు. ముందు మెల్లగ, ఫీజు మాట అమ్మానాయినలతోటి ఫోన్ల మాట్లాడితే మన స్కూల్ పేరు కూడా బాగుంటది సార్ అని చూడండి. వినకపోతే అప్పుడు చట్టం మాట ఎత్తాల్నా ఒద్దా అనేది మీ ధైర్యం, మీ ఇంటి పరిస్థితి చూసి మీరే తేల్చుకోవాలె, ఎటు తేల్చుకున్నా నేను తప్పు పట్టను.

మీ నాయిన సంగతికి వస్త. నాకే సంతోషం లేదు, ఎట్ల చెప్పాలె అన్నరు. సంక్రాంతి నుంచి ఇప్పటికి ఎంత కాలమని మేడం? నాయిన పోయినోళ్ళు ఏడుస్తరు, దానికి ఎనర్జీ పేర్లు పెట్టిన స్టాఫ్‌రూం తప్పు అది. రాత్రి మూడు మంచి సంగతులు రాసుడు, పొద్దున నాయిన యాదికొచ్చి ఏడ్చుడు ఒకదానికొకటి అడ్డం కావు, రాస్తున్నరు గనక ఏడవొద్దు అని లేదు, ఏడుస్తున్నరు గనక రాసింది అబద్ధం కాదు. ఆ మూడింట్ల ఒకటి నాయిన గురించే అయినా మంచిదే. మీతోటి కూసొని నాయిన ముచ్చట్లు వినేటోళ్ళు ఇంట్ల ఎవరన్న ఉన్నరా? ఉంటే వాళ్ళకు ఫోన్ చెయ్యండి, నోట్‌బుక్కు ఆ పని చెయ్యదు. కానీ నిద్ర అస్సలు పడ్తలేదు, తిండి సయిస్తలేదు, బతికి ఏం లాభం అనిపిస్తుంది అన్నట్టుంటే మాత్రం నోట్‌బుక్కులు, పీరియడ్లు పక్కన పెట్టి 14416కు ఫోన్ చెయ్యండి, అది టెలిమానస్, మనసు బాగలేనోళ్ళకు సాయం చేసే ఫోన్ లైన్, కేంద్ర ప్రభుత్వానిది, పైసలు పడవు, రాత్రయినా పగలయినా తెలుగుల మాట్లాడుతరు.

ఆ నంబర్ ఆ పిల్ల అవ్వకు కూడా పనికొస్తదేమో చూడండి. కానీ ముందు ఆ పిల్లను పక్కకు పిలిచి, ఫోన్ వచ్చిందా బిడ్డా అని ఒక్క మాట అడగండి. ఫోన్ చెయ్యకపోవుడు ఒక్కరోజు సంగతేనా, అక్కడ ఏమన్న అయిందా అనేది తెలుసుకోవాలె. పని కాడ దెబ్బ తగిలి ఉండొచ్చు, మేస్త్రీ పైసలు ఇయ్యక లొల్లి అయి ఉండొచ్చు, ఉత్త ఛార్జింగ్ అయిపోయి కూడా ఉండొచ్చు. "మంచిది ఏం లేదు" అనే లైను కింద రాయాల్సింది బీ పాజిటివ్ కాదు, ఏమయింది అని.

ప్రిన్సిపాల్‌తోటి మాట్లాడాలనుకుంటే ప్రోగ్రెస్ కార్డులు ప్రింటుకు పోకముందే మాట్లాడండి. ఒకసారి ఆ మార్కుల కాలమ్ అచ్చయి ఇండ్లకు పోయిందంటే, తీసెయ్యమని అడిగినప్పుడల్లా "పేరెంట్స్‌కు ఏం చెప్పాలె మేడం" అంటరు, ఆ ప్రశ్నకు జవాబు దొరికేసరికి ఈ విద్యా సంవత్సరం అయిపోతది.